జాబితాలో లేని పొడి

పోయిన వారం మనం రెబ్కాను వదిలిపెట్టింది ఢిల్లీ శివార్లలోని వైశాలిలో, ఆమె ఇంటి వంటగదిలో, భర్త టిఫిన్ సంచీ చేతిలో పట్టుకుని కొయ్యబారి నిలబడి ఉండగా. ఆ సంచీ అడుగున ఒక నీలం స్టిక్కర్ల చుట్ట దొరికింది. 'మొక్కల ఎరువు. మనుషులు తినరాదు' అని దాని మీద ఇంగ్లీషులో చిన్న అచ్చు. అంతకు ముందు మధ్యాహ్నమే, ఆమె సీనియర్ సిస్టర్‌గా పనిచేసే ఐసీయూలో, కిరీటి అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడి జీన్స్ జేబులోంచి తెల్లపొడి పొట్లం ఒకటి తీసింది. దాని మీదా అదే నీలం స్టిక్కరు, అవే అక్షరాలు.

కిరీటిది గుంటూరు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శుక్రవారం పొద్దున గది స్నేహితులు ఆటోలో వేసుకొచ్చి ఆసుపత్రిలో పడేసేటప్పటికి ఒళ్లు నూట అయిదు కాగుతోంది. గుండె నిమిషానికి నూట డెబ్భై సార్లు కొట్టుకుంటోంది. గోడల మీద తేళ్లు పాకుతున్నాయని ఇద్దరు వార్డుబాయ్‌లను విదిలించుకుని మంచం దూకబోయాడు. మత్తుపదార్థాల పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. మెదడుజ్వరమని డాక్టర్లు అనుమానించారు.

బట్టలు మార్చేటప్పుడు దొరికిన పొట్లాన్ని డాక్టరుగారికి ఇవ్వాలనే రెబ్కా యూనిఫాం జేబులో వేసుకుంది. పనుల ఒత్తిడిలో మరిచిపోయి ఇంటికి తెచ్చేసింది. పొద్దున్నే ఇచ్చేద్దామనుకుంది. ఆ సాయంత్రమే భర్త సంచీలో స్టిక్కర్లు కనపడ్డాయి. ఇక ఆ పొద్దున రాలేదు.

అంటే శనివారం తెల్లవారింది, ఆమె డ్యూటీకి వెళ్లింది, కానీ పొట్లం ఇంట్లో బియ్యం డబ్బా వెనకే ఉండిపోయింది. కిరీటి మంచానికి వేలాడే సంచీలో మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. ఐసీయూ డాక్టర్ మైథిలి రెండుసార్లు ఆమెనే పిలిచి, బట్టల్లో ఏమైనా దొరికిందా సిస్టర్ అని అడిగింది. లేదు డాక్టర్ అంది రెబ్కా. రెండుసార్లూ అంది. పదిహేడేళ్ల నర్సు జీవితంలో పేషెంటు గురించి అబద్ధమాడటం అదే మొదలు. రెండోసారి అన్నాక చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి, నీళ్లలో చేతులు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మూడు గంటలకు ఇంటికొచ్చింది. లోపలి గదిలో ఎనిమిదో తరగతి చదివే కూతురు ఎల్సా లెక్కలు చేసుకుంటోంది. రెబ్కా పొట్లాన్నీ స్టిక్కర్ల చుట్టనీ తెచ్చి భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. బయట 2009 డిసెంబరు మంచు మధ్యాహ్నమైనా విడలేదు. ఎదురు అపార్టుమెంటు బాల్కనీలు కూడా మసక మసకగా ఉన్నాయి.

సిలాసు నాలుగింటికి వచ్చాడు. శనివారం ఫ్యాక్టరీ సగం పూటే. మఫ్లరు విప్పుతూ బల్ల వైపు చూశాడు. విప్పిన మఫ్లరు చేతిలోనే ఉండిపోయింది.

"ఇవెక్కడివి?" అన్నాడు.

"ఒకటి మీ సంచీలోది. ఒకటి చావుబతుకుల్లో ఉన్న పిల్లాడి జేబులోది."

సిలాసు పాలకొల్లులో పుట్టాడు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఢిల్లీకి వచ్చింది భార్య ఉద్యోగాన్ని పట్టుకుని. వచ్చిన కొత్తలో ఎన్ని కంపెనీల మెట్లెక్కినా పని దొరకలేదు. పదేళ్ల పాటు పిల్లలకు ట్యూషన్లు చెప్పాడు. చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక పలకరించేవాళ్లు ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు కాదు. 'రెబ్కా సిస్టర్ హస్బెండ్' అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. ఇంటికొచ్చి మాత్రం సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రెండేళ్ల కిందట సాహిబాబాద్‌లో భాటియా అనే ఆయన ఫ్యాక్టరీలో ఛీఫ్ కెమిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు, మొదటి రోజు తెల్లకోటు ఇంటికి తెచ్చి అద్దం ముందు తొడుక్కుని ఎల్సాకు చూపించాడు. అక్కడ అందరూ 'కెమిస్ట్ సాబ్' అంటారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెలిగిన వెలుగు రెబ్కా ఇవాళ్టికీ మరిచిపోలేదు. అందుకే ఇప్పుడు ఆ మొహంలోకి చూడటం ఆమెకు కష్టంగా ఉంది.

సిలాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు. దాని పేరు మెఫెడ్రోన్. పోయిన ఏడాది నుంచి చేస్తున్నారు. అంతా విదేశాలకే వెళుతుందని భాటియా చెప్పాడు. అక్కడివాళ్లు ఎరువని పేరుపెట్టి అమ్ముకుంటారు, వాళ్ల గొడవ మనకెందుకన్నాడు. స్టిక్కర్లు కూడా ఇక్కడే అంటిస్తారు. కొత్త చుట్టలో అచ్చు సరిగా పడిందో లేదో ఇంట్లో తీరిగ్గా చూద్దామని సంచీలో వేసుకుని మరిచిపోయాడు.

"అది నేరం కాదు రెబ్కా. చట్టంలో మత్తుపదార్థాల జాబితా ఒకటుంటుంది. అందులో ఇది లేదు. మొదట్లోనే పుస్తకం తెప్పించి చూశాను. రెండుసార్లు చూశాను."

"చూశారంటే మీకు అనుమానం వచ్చిందన్నమాట."

సిలాసు స్టిక్కర్ల చుట్టను వేలితో తిప్పుతున్నాడు.

"ఎరువు తయారుచేసేవాడు మత్తుమందుల చట్టం ఎందుకు చదువుతాడండీ?"

ఆమెకు కావలసింది జవాబు కాదు. కిరీటి ఎలా ఉన్నాడో చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కి అప్పజెప్పినట్టే చెప్పింది. మోకాళ్లు నీలంగా, మంచుముద్దల్లా ఉన్నాయి, నడుం పైన మాత్రం పెనంలా కాలుతోంది. రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. కండరాలు లోపల్లోపలే కరిగి ఆ మురికంతా మూత్రపిండాలకు అడ్డం పడుతోంది. కాస్త తెలివి వచ్చినప్పుడల్లా తలుపు వంక చూసి ఎవరో చంపడానికొస్తున్నారని ఏడుస్తాడు. రెండు రాత్రులు నిద్ర లేకుండా ఆ పొడి పీలుస్తూనే ఉన్నాడని, ఎవరి దగ్గర కొన్నాడో అతనికి తప్ప ఎవరికీ తెలియదని గది స్నేహితుడు చెప్పాడు. మత్తు గంటలో దిగిపోతుందట. దిగిన మరుక్షణం ఇంకొంచెం కావాలనిపిస్తుందట. అలా పొట్లం సగమయ్యేదాకా.

సిలాసు బల్ల మీద పొట్లాన్ని చూస్తున్నాడు. సగం ఖాళీ. ఆ ఖాళీ సగం ఎక్కడికి పోయిందో అప్పటిదాకా ఆయన ఆలోచించినట్టు లేదు.

"ఇక్కడ అమ్మరన్నాడు భాటియా," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "ఇక్కడ ఒక్క గ్రాము కూడా అమ్మనని నాతో ఒట్టేసి చెప్పాడు."

అప్పుడు రెబ్కా తన తప్పు చెప్పింది. పొట్లం దొరికి రోజు దాటిందని, డాక్టరు రెండుసార్లు అడిగినా లేదన్నానని. "మీరేమైపోతారో అని దాచాను. ఎల్సా ఏమైపోతుందో అని దాచాను. ఆ పిల్లాడు ఏమైపోతాడో అని మాత్రం అనుకోలేదు. నేను నర్సునండీ."

సిలాసు చెయ్యి చాచి ఆమె చెయ్యి అందుకోబోయి, మళ్లీ తనే వెనక్కి తీసుకున్నాడు.

ఫోను మోగింది. ఐసీయూ నుంచి డాక్టర్ మైథిలి. మూత్రం పూర్తిగా ఆగిపోయేలా ఉందని, గుంటూరులో ఉండే తల్లి రాజేశ్వరమ్మ విమానంలో బయలుదేరిందని, ఏం తిన్నాడో తెలియక చీకట్లో బాణాలు వేస్తున్నట్టుందని చెప్పింది. ఇంకోసారి గుర్తు చేసుకోండి సిస్టర్, చిన్న కాగితం ముక్కయినా సరే అంది. రెబ్కా కళ్లు మూసుకుంది. "డయాలసిస్‌కి మార్చలేదుగా? రెండో అంతస్తు ఐసీయూలోనే ఉన్నాడుగా? అయిదో నంబరు మంచం?" అని అడిగింది. తర్వాత, "వస్తున్నాను డాక్టర్. దొరికింది. తీసుకొస్తున్నాను," అంది.

ఫోను పెట్టి, తలవెంట్రుకలు ముడేసుకుని, పొట్లాన్ని శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఎవరు చేశారో తనకు తెలియదని చెబుతానంది. సిలాసు ఇంటి దగ్గరే ఉండమంది.

సిలాసు మఫ్లరు మళ్లీ చుట్టుకున్నాడు. "పొట్లం చూస్తే వాళ్లకేం తెలుస్తుంది? వాళ్ల పరీక్షలో అది పడదు. అందులో ఏముందో చెప్పగలిగేవాణ్ని నేనే. నేనూ వస్తాను."

ఎల్సాను తలుపు గడియ వేసుకోమని, ఎవరొచ్చినా తియ్యొద్దని చెప్పి ఇద్దరూ ఆటో ఎక్కారు. ఢిల్లీ సరిహద్దు దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు సిలాసు, పక్కన ఆగిన, భాటియా కారులాంటి తెల్ల కారు వైపు ఒకటికి రెండుసార్లు తిరిగి చూశాడు. ఏమిటని రెబ్కా అడగలేదు. ఆమె కూడా ఆ కారునే చూస్తోంది. పచ్చలైటు పడగానే కారు తన దారిన తను పోయింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

డాక్టర్ మైథిలి ముప్పై అయిదు దాటని మనిషి. హైదరాబాదు పిల్ల. కోపం వచ్చినా మాట తూచి మాట్లాడుతుంది. పొట్లం చేతిలోకి తీసుకుని, రెబ్కా వైపు ఒక్క చూపు చూసింది. ఎప్పుడు దొరికిందని అడగలేదు. ఆ అడగకపోవడమే రెబ్కాను చెంపదెబ్బలా తాకింది. సిలాసు కాగితం అడిగి తీసుకుని, పదార్థం పేరు, దాని జాతి, అది ఒంట్లో ఏ మందుల్లా పనిచేస్తుందో, ఏమేం కలిసి ఉండే అవకాశముందో వరసగా రాసిచ్చాడు. అక్షరాలు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి.

మైథిలి ఆ కాగితం రెండుసార్లు చదివింది. గుండె వేగం తగ్గించడానికి ఇంకో అరగంటలో ఒక ఇంజెక్షను మొదలుపెడదామనుకున్నారట. ఇలాంటి కేసులో అది ఎదురుతిరిగి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదముందని చెప్పి ఆర్డరు కొట్టేసింది. నరాలను శాంతపరిచే మందు పెంచమంది. చంకల్లో, తొడల మధ్య మంచుసంచులు, చల్లబరిచిన సెలైను, మూత్రపిండాల డాక్టరుకు కబురు. డ్యూటీ కాకపోయినా రెబ్కా చేతులకు గ్లవ్స్ తొడుక్కుంది. వేళ్లు వాటంతటవే పనిలో పడ్డాయి. సిలాసు అద్దం అవతల నిలబడి చూస్తున్నాడు. తన పొడి మనిషి ఒంట్లో ఏం చేస్తుందో కళ్లారా చూడటం ఆయనకదే మొదలు. మధ్యలో ఒకసారి కిరీటి కళ్లు తెరిచి, అద్దంలోంచి ఆయన్నే చూస్తూ, వీడే వీడే అని కేకలు పెట్టాడు. మత్తులో ఎవరిని చూసినా అలాగే అంటున్నాడని నర్సమ్మాయి చెప్పింది. సిలాసు మాత్రం అద్దం ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

ఏడు గంటలకు ఒంటి వేడి నూట ఒకటికి దిగింది. సంచీలో మూత్రం మళ్లీ చుక్కలు చుక్కలుగా పడటం మొదలైంది. ఇంకా గండం గడవలేదని, కానీ దారి దొరికిందని మైథిలి అంది. ఆ తర్వాత సిలాసును పక్కకు పిలిచి, ఆసుపత్రి పోలీసులకు రాయక తప్పదని, మీ పేరు కూడా రాయాల్సి వస్తుందని చెప్పింది. రేపు పది గంటల దాకా ఆగగలను, ఈలోగా ఎవరైనా తెలిసినవాళ్లను అడగండి అంది.

తెలిసినవాడు వాళ్ల పై అంతస్తులోనే ఉన్నాడు. సదాశివరావుగారు మత్తుమందుల రవాణా మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. కాకినాడాయన. ఢిల్లీ సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్సు ఖాళీ చేశాక వైశాలిలో ఫ్లాటు కొనుక్కున్నారు. ఎనిమిదింటికి, పైన ఉంటామని ఎల్సాకు ఫోనులో చెప్పి, ఇద్దరూ తిన్నగా ఆయన ఇంటికే ఎక్కారు. ఆయన భార్య ఉమ కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.

సిలాసు ఏదీ దాచకుండా చెప్పాడు. సదాశివరావుగారు మధ్యలో ఆపకుండా విన్నారు. విన్నాక, చెడ్డపనే గానీ చట్టానికి ఇంకా అందని పని అన్నారు. చట్టం చేతిలో జాబితా ఉంది, కొత్త పొడి పుట్టిన ప్రతిసారీ ఆ జాబితాకు దాని పేరు ఎక్కేసరికి ఏళ్లు పడుతుంది. కొన్ని దేశాలు దీన్ని ఇప్పటికే నిషేధించాయి, మనదాకా రాలేదు. ఈలోపు పిల్లలు పోతూనే ఉంటారు. నీ మీద మత్తుమందుల కేసు పెట్టడానికి సెక్షను దొరకదు, వేరే సెక్షన్లు వెతకొచ్చు, అయినా నీ అంతట నువ్వే వెళ్లి చెబితే సాక్షిగా నిలబడొచ్చు.

రెబ్కా గుండెల మీద బండ ఒకటి పక్కకు జరిగినట్టయింది. ముందు రోజు సాయంత్రం తర్వాత మొదటిసారి కాఫీ వాసన ముక్కుకు తగిలింది.

"సరుకు కొనే కాగితాల మీద సంతకాలు ఎవరివయ్యా?" అన్నారు సదాశివరావుగారు, మామూలుగా.

"నావేనండీ. ఛీఫ్ కెమిస్టు సంతకం లేందే డ్రమ్ములు లోపలికి రావు."

"ఏమేం వస్తాయి?"

సిలాసు వేళ్లు మడిచి పేర్లు చెప్పాడు. నాలుగో పేరు దగ్గర సదాశివరావుగారి చెయ్యి లేచింది.

"ఆగు. ఎఫిడ్రినా?"

"అవునండీ. దగ్గు మందుల తయారీకి అమ్ముతాం, దానికి లైసెన్సు ఉంది అన్నాడు భాటియా. నెలకోసారి వస్తుంది. వెనక షెడ్డులోకి దించుతారు. అది నా విభాగం కాదు, దానికి తాళం ఆయన దగ్గరే ఉంటుంది."

సదాశివరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు.

"మీ పొడికి ఎఫిడ్రిను అక్కర్లేదు కదూ?"

"అక్కర్లేదు."

"మరి ఎఫిడ్రినుతో తయారయ్యే మత్తుమందు ఏమిటో నీకు తెలుసుగా, ఎమ్మెస్సీ చదివావు. అది జాబితాలో ఉంది సిలాసూ. ఎప్పటి నుంచో ఉంది. అసలు ఎఫిడ్రిను కొనడానికే లెక్కాపత్రం ఉండాలి. అది తప్పితే పదేళ్ల దాకా జైలు. దానితో ఆ సరుకు తయారుచేస్తే పది నుంచి ఇరవై. ఆ షెడ్డులో ఏం జరుగుతోందో నీకు తెలియకపోవచ్చు. కాగితం మీద ఉన్నది మాత్రం నీ ఒక్కడి పేరు."

సాయంత్రం అయిదు దాటితే ఫ్యాక్టరీలో ఉండొద్దని భాటియా ఎందుకు పదేపదే చెప్పేవాడో, సోమవారాలు పొద్దున్నే వెనక గోడ వైపు నుంచి కళ్లు మండించే వాసన ఎందుకు వచ్చేదో, అడగకుండా వదిలేసినవన్నీ ఒకదాని వెంట ఒకటి సిలాసు కళ్ల ముందుకు వస్తున్నట్టున్నాయి. రెబ్కా మాత్రం ఒక్క విషయమే ఆలోచిస్తోంది. కిరీటి ఒంట్లోకి వెళ్లింది ఏ పొడి, సిలాసు చేసిందా, ఆ షెడ్డులోదీ కలిసిందా? సిలాసు రాసిచ్చిన కాగితం సగమే నిజమైతే?

తలుపు తట్టిన చప్పుడయింది. ఉమ తీసింది. గుమ్మంలో ఎల్సా, కాళ్లకు చెప్పులు లేకుండా, ఊలు శాలువా కప్పుకుని నిలబడి ఉంది. చేతిలో మిఠాయిల పెట్టె.

"పాపా, భాటియా అంకుల్ ఆయే హైఁ. నీచే బైఠే హైఁ," అంది తండ్రితో, భాటియా వచ్చి కింద తమ ఇంట్లో కూర్చున్నాడని.

"తలుపు తియ్యొద్దన్నాను కదా," అంది రెబ్కా.

తెలిసిన అంకులే కదా అంది ఎల్సా, హిందీలోనే. చాలా మంచిగా మాట్లాడారట. స్కూలు సంగతి అడిగారట, అమ్మానాన్నా ఎక్కడికెళ్లారని అడిగారట. మమ్మీ ఆసుపత్రిలో ఎవరో అబ్బాయికి బాగాలేదటగా, పాపం, చూసొస్తాను అన్నారట.

రెబ్కా లేచి నిలబడింది. "నువ్వేమన్నావమ్మా?"

ఎల్సా తల్లి మొహం చూసి, ఈసారి తెలుగులో, తడుముకుంటూ చెప్పింది.

"నువ్వు ఫోన్‌లో అన్నావు కదా మమ్మీ... రెండో అంతస్తు, అయిదో మంచం. అదే చెప్పాను. ఆయన అప్పుడే ఎవరికో ఫోన్ చేసి చెప్పేశారు."